కార్తె చూసి కడలికి
ఉత్తరాంధ్ర తీరంలో చేపలు, పక్షులు, తాబేళ్ళు చూడబోయే మిత్రులకు

విహారయాత్ర మాట రాగానే మన విద్యార్థుల నోట ఊటీ, గోవా తప్ప మూడో పేరు రాదు. ఈ మధ్య కొందరు మిత్రులు మాత్రం "సముద్రం, చేపల వేట, పక్షులు - ఇలాంటివి చూసే యాత్ర వేస్తే ఎట్లా ఉంటుంది?" అంటున్నారు. చాలా మంచి ఆలోచన. దీనికి దేశాలు పట్టిపోనక్కరలేదు. భీమిలి దాటి ఉత్తరంగా పోతే చాలు. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే దాదాపు 193 కిలోమీటర్ల తీరం ఉంది. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా నదులు ఈ తీరంలోనే కడలిలో కలుస్తాయి. ఇచ్చాపురం దాటితే ఒడిశాలో గోపాలపురం, రుషికుల్య నది మొగ, ఆ పైన చిలికా సరస్సు. రైలు కూడా తీరానికి సమాంతరంగానే పోతుంది కాబట్టి ఖర్చు తక్కువ.

మరి ఎప్పుడు పోవాలి? ఎవరినడిగినా "వేసవి సెలవుల్లో" అంటారు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క జవాబే.

మాది వ్యవసాయ కుటుంబం. వంశధార కాలువ కింద వరి పండిస్తాం. మా నాన్న ఏ పని తలపెట్టినా ముందు కార్తె చూస్తాడు. తర్వాతే విత్తనం, ఎరువు, కూలీల మాట. మృగశిరలో చేయాల్సిన పని స్వాతిలో చేస్తే భూమి ఎంత మంచిదైనా పంట రాదు. సముద్రతీరం కూడా అంతే. పక్షికి ఒక కార్తె, తాబేలుకు ఒక కార్తె, చేపకు ఒక కార్తె. మన కాలేజీ కేలండరు వాటికి తెలియదు. కనుక యాత్ర వేసేవారు ముందు నెల నిర్ణయించుకుని, ఆ తర్వాత ఊరు నిర్ణయించుకోవాలి.

వేసవి ఎందుకు పనికిరాదు?

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, తూర్పు తీరంలో మోటారు పడవల మీద చేపల వేట నిషేధం. ఇంతకు ముందు ఇది 47 రోజులే ఉండేది. 2015లో పెంచారు. చాలా రకాల చేపలు గుడ్లు పెట్టి సంతతి పెంచుకునే కాలంలో వలకు విరామం ఇవ్వాలన్నది ఉద్దేశం. విత్తనాల గింజలు వండుకు తింటే మరుసటి ఏడు చల్లడానికేముంటుంది? ఇదీ అంతే. ఆ రెండు నెలలూ మోటారు బోట్లు ఇసుక మీద ఉంటాయి. మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. మోటారు లేని తెప్పలు మాత్రమే అక్కడక్కడ దిగుతాయి.

పక్షుల సంగతి చూస్తే, చలికాలపు పక్షులు ఏప్రిల్ నాటికే వెళ్ళిపోతాయి. వానాకాలపు పక్షులు జూన్ దాకా రావు. తాబేళ్ళు గుడ్లు పెట్టడం కూడా ముగిసిపోతుంది. మే నెలలో వెళ్ళిన వాడికి దక్కేది ఎండ, ఉక్కపోత, కొబ్బరిబోండాం. మూసిన దుకాణం ముందు నిలబడి "ఈ ఊళ్ళో ఏమీ లేదు" అన్నట్టుంటుంది.

దసరా సెలవులు - తేలుకుంచి

ఇచ్చాపురం దగ్గర తేలుకుంచి అనే చిన్న ఊరుంది. ఏటా జూన్‌లో తొలకరి పడగానే వందలాది కొంగలు వచ్చి ఊరి నడుమ చెట్ల మీద గూళ్ళు కడతాయి. నవంబరు దాకా ఉంటాయి. పుస్తకాల్లో వీటిని ఓపెన్‌బిల్ స్టార్క్ అంటారు. మనవాళ్ళు నత్తగుల్ల కొంగ అంటారు. దీని ముక్కు పూర్తిగా మూసుకోదు. పై దవడకూ కింది దవడకూ మధ్య సందు ఉంటుంది. పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. నత్తను పట్టి, గుల్లలోని మాంసాన్ని లాగి తినడానికి అనువైన ముక్కు అది.

ఇప్పుడు ఇది జూన్‌లోనే ఎందుకు వస్తుందో ఆలోచించండి. వానలకు వరిచేలు, గుంటలు నిండితే నత్తలు పైకి వస్తాయి. పిల్లలకు మేత పుష్కలం. మా నాన్న ఏరువాక సాగించేదీ, కొంగ గూడు కట్టేదీ ఒకే వానను నమ్ముకుని! చేలోని నత్తలు తిని, చెట్టు కింద రెట్ట వేసి పోయే ఈ పక్షిని ఊరి రైతులు ఎందుకు తరమరో వేరే చెప్పాలా? పక్షులు వస్తే పంటలు పండుతాయని వారి నమ్మకం. వాన బాగుంటేనే పక్షీ వస్తుంది, పంటా వస్తుంది కనుక ఆ నమ్మకంలో శాస్త్రం లేకపోలేదు.

అయితే దసరా యాత్రకు ఒక గండం ఉంది. చిత్త, స్వాతి కార్తెల్లో బంగాళాఖాతాన్ని నమ్మకూడదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర, సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటాయి. తిత్లీకి ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడిచెట్లు చూసినవారికి ఆ నెల పేరు చెబితేనే దిగులు. కాబట్టి అక్టోబరులో వెళ్ళేవారు వాతావరణ శాఖ హెచ్చరికలు రోజూ చూడాలి. అల్పపీడనం అన్న మాట వినబడితే యాత్ర వాయిదా వేయాలి. టికెట్టు డబ్బు పోయినా ఫరవాలేదు.

సంక్రాంతి సెలవులు - అసలైన కాలం

నన్నడిగితే ఈ యాత్రకు సంక్రాంతికి మించిన సమయం లేదు. ఎండ ఉండదు, వాన ఉండదు, తుఫాను భయం దాదాపు ఉండదు. వేట సాగుతూ ఉంటుంది.

ముందుగా తేలినీలాపురం. టెక్కలికి, నౌపడ రైల్వేస్టేషనుకు దగ్గర. ఇక్కడికి గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ అనే రంగుల కొంగలు వర్షాకాలం చివర వచ్చి మార్చి దాకా ఉంటాయి. ఇవి తినేది చేపలు. ఈశాన్య ఋతుపవనం వెళ్ళాక చెరువులు, తంపర నేలల్లో నీరు తగ్గుతూ వస్తుంది. నీరు తగ్గిన కొద్దీ చేపలు ఒకచోట చేరతాయి. పిల్లల్ని మేపే తల్లికి అంతకంటే ఏం కావాలి? నత్త తినే కొంగ వానకు వచ్చింది. చేప తినే కొంగ వాన వెళ్ళాక వచ్చింది. రెండూ కొంగలే అయినా కార్తె వేరు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పుకోవాలి. ఈ రెండు ఊళ్ళ పక్షుల్నీ జనం "సైబీరియా పక్షులు" అంటారు. పత్రికల్లోనూ అలాగే వస్తుంది. నిజానికి నత్తగుల్ల కొంగ, రంగుల కొంగ, ఇక్కడి గూడబాతు మూడూ మన దక్షిణాసియా పక్షులే. మేతను బట్టి ఒకచోటి నుండి మరొకచోటికి మారతాయి తప్ప సైబీరియా మొహం చూసినవి కావు. మరి సైబీరియా నుండి వచ్చేవారు ఎవరూ రారా? వస్తారు. నౌపడ ఉప్పుమళ్ళ గట్ల పక్కన, బురదలో, గుప్పెడంత గోధుమరంగు పిట్టలు పరుగులు పెడుతూ ఉంటాయి. ఉల్లంకి జాతి పిట్టలు. వాటిలో అనేకం ఉత్తర ఆసియా మంచు నేలల్లో పుట్టి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చినవి. చెట్టు మీది పెద్ద పక్షిని చూడడానికి బస్సులు కట్టుకొచ్చేవారు కాళ్ళ దగ్గరి ఈ పిట్టను చూడరు. బైనాక్యులర్స్ ఉంటే తప్పక తీసుకెళ్ళండి. మన జువాలజీ విభాగంలో అడిగినా ఇవ్వవచ్చు.

ఇంకా రెండు రోజులు వీలైతే చిలికా. 1981లో రామ్సర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన సరస్సు. వానాకాలంలో వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటుతుంది. సముద్రంతో కలిసే ముఖం పూడిపోతుంటే 2000 సెప్టెంబరులో కొత్త ముఖం తవ్వారు. దానితో ఉప్పునీరు, మంచినీరు మళ్ళీ సరిగ్గా కలిసి చేపలు పెరిగాయి. చలికాలంలో సూదితోక బాతులు, హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చే బార్‌హెడెడ్ గూస్ బాతులు ఇక్కడ చేరతాయి. మనవైపు నుండి వెళ్ళేవారికి రంభా, బార్కుల్ దగ్గర. ఇరావాడీ డాల్ఫిన్లు చూడాలంటే మాత్రం పూరీ వైపున్న సాతపడకు పోవాలి. ఈ తేడా తెలియక రంభాలో దిగి "డాల్ఫిన్లు ఎక్కడ?" అనేవాళ్ళుంటారు. డాల్ఫిన్ కనబడగానే వెంట పడమని పడవవాడిని తొందరపెట్టకూడదు. ఇంజను ఆపించి కూర్చుంటే అదే పైకి వస్తుంది.

తాబేలమ్మ

జనవరి నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట మన తీరానికి వచ్చి ఇసుకలో గుంట తవ్వి నూరుకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, గంటలోపే తిరిగి పోతాయి. 45 నుండి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. మనకు తరగతిలో ఎక్స్, వై క్రోమోజోములు చెబుతారు కదా, ఈ తాబేలుకు ఆ లెక్క లేదు. ఇసుక వేడే ఆడా మగా నిర్ణయిస్తుంది. సుమారు 29, 30 డిగ్రీల కంటే చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ, వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ. భూమి వేడెక్కుతోందన్న వార్త ఈ జీవికి ఎంత దగ్గరి వార్తో ఊహించండి.

శ్రీకాకుళం జిల్లాలో ఇవి ఒక్కొక్కటిగా వస్తాయి. రుషికుల్య మొగ దగ్గర మాత్రం లక్షలుగా వస్తాయి. అక్కడి సామూహిక ఆగమనాన్ని శాస్త్రజ్ఞులు గుర్తించింది 1994లో. 2025 ఫిబ్రవరిలో ఆరున్నర లక్షలకు పైగా వచ్చాయి. అంతకు ముందు ఏడు, 2024లో, అట్లా గుంపుగా రానేలేదు! కనుక తాబేళ్ళ కోసమే యాత్ర వేసి, కనబడకపోతే బాధపడవద్దు. బదులుగా మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఒక శని ఆదివారం చూసుకోండి. అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు గుడ్లను కంచె వేసి కాపాడే కేంద్రాలు తీరంలో ఉన్నాయి. ముందుగా అడిగి అనుమతి తీసుకుంటే తెల్లవారుజామున పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూడవచ్చు.

రాత్రి తీరంలో టార్చిలైటు, ఫోను ఫ్లాషు వెయ్యకండి. పిల్ల తాబేలు కడలి మీది వెలుగును పోల్చుకుని అటు నడుస్తుంది. మన లైటు చూస్తే ఊరివైపు నడిచి కుక్కల పాలో కాకుల పాలో అవుతుంది. ఇది 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవి. గుడ్డు తీసినా నేరమే. మన మత్స్యకారులకు చట్టం కంటే ముందే భక్తి ఉంది. కూర్మనాథుడు కొలువైన శ్రీకూర్మం ఈ తీరంలోనే కదా! అయినా వలలో చిక్కి ఊపిరాడక చనిపోయే తాబేళ్ళు ఏటా ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉన్నాయి. అది ఊపిరితిత్తులతో బతికే జీవి. గాలికి పైకి రానివ్వకపోతే నీళ్ళలోనే మునిగి చస్తుంది.

చేపల వేట - చూడడం, చెయ్యడం

మన మిత్రులు చాలామంది గాలం వేద్దామని ఉబలాటపడతారు. దానికి సముద్రం కంటే నది మొగ మేలు. పోటు ఎక్కేటప్పుడు పండుగొప్ప లాంటి చేపలు చిన్న చేపల వెంట నదిలోకి వస్తాయి. గాలానికి అదే సమయం. కొయ్యంగలు గాలానికి అంతగా చిక్కవు. వాటికి విసురువల కావాలి. ఆ వల గుండ్రంగా పరుచుకునేట్టు విసరడం ఒక రోజులో వచ్చే విద్య కాదు.

రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఈ రోజు ఆరింటికి పోటు ఉంటే రేపు సుమారు ఏడుకు పది నిమిషాల ముందు. అమావాస్య, పున్నములకు పోటు పెద్దది, అష్టమి నాడు చిన్నది. బారువ తీరంలో ఒక తాతను "పోటు ఎప్పుడు తాతా?" అని అడిగితే "ఏటి బాబూ, సదువుకున్నోళ్ళు, ఈయేల తిథి ఏటో తెల్దా?" అన్నాడు. మనకు గురుత్వాకర్షణ సూత్రం తెలుసు. ఆయనకు సమయం తెలుసు.

పడవల సంగతి కూడా భౌతికశాస్త్రమే. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి నేల నుండి కడలికి వీస్తుంది. మధ్యాహ్నం నేల వేడెక్కి గాలి తిరుగుతుంది. తెరచాప రోజుల్లో పోయేది ఆ గాలి మీద, వచ్చేది ఈ గాలి మీద. మీరు ఉదయాన్నే ఒడ్డున ఉంటే వచ్చే పడవలు, వేలంపాటలు, గంపలతో బేరమాడే అమ్మలు, కానాగంతలు, కవ్వళ్ళు, నెత్తళ్ళు, అదృష్టం బాగుంటే వంజరం, చందువ - అన్నీ చూడవచ్చు. ఒడ్డు నుండి అలివి వల లాగుతుంటే అడిగి ఒక చెయ్యి వెయ్యండి. వద్దనరు. పడవ మీద లోపలికి తీసుకెళ్ళమని మాత్రం బలవంతపెట్టవద్దు. అది వారికి షికారు కాదు, ఆ రోజు కూడు. వారంతట వారు రమ్మంటే లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కవద్దు, వారి పనికి తగినది చేతిలో పెట్టడం మరవవద్దు.

ఒడ్డున యువకులు తక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. పెద్ద పడవలు నిలిచే రేవులు లేక ఎంతోమంది గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. అలా పోయిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళే 2018 నవంబరులో పాకిస్తాన్ వారికి పట్టుబడి, ఏడాది దాటాక, 2020 జనవరిలో ఇరవైమంది విడుదలై ఇళ్ళకు చేరారు. మనం సెలవు గడపడానికి వెళ్ళే తీరం నుండి అక్కడి కుర్రాళ్ళు బతకడానికి దేశం ఆ చివరికి పోతున్నారు.

ఈత గురించి ఒక్క మాట. అలల మధ్య ఒకచోట నీరు ప్రశాంతంగా కనిపిస్తే మోసపోకండి. ఒడ్డుకొచ్చిన నీరు వెనక్కు పోయే దారి అదే. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా ఈది బయటపడాలి. తెలియని మొగల్లో అసలు దిగకపోవడమే మంచిది.

నాలుగు రోజుల పథకం

మొదటి రోజు: విశాఖ నుండి రైల్లో ఆమదాలవలసలో దిగి శ్రీకూర్మం, సాయంత్రానికి కళింగపట్నం. వంశధార మొగ, లైట్‌హౌస్.
రెండో రోజు: టెక్కలి మీదుగా తేలినీలాపురం, నౌపడ ఉప్పుమళ్ళు, భావనపాడు. గూళ్ళ కింద కేకలు, టపాకాయలు వద్దు. బెదిరి లేచిన తల్లి వెనక పిల్ల కింద పడుతుంది.
మూడో రోజు: సోంపేట మీదుగా బారువ. తెల్లవారే ఒడ్డున ఉండాలి.
నాలుగో రోజు: ఇచ్చాపురం దాటి గోపాలపురం లేక రంభా. భాష భయం లేదు. బరంపురంలో తెలుగు వినబడుతుంది. గోపాలపురం ఒడ్డున వల లాగే నోలియాలు తెలుగువాళ్ళే.

ఈ నేలలు ఎట్లా మిగిలాయి?

సోంపేట దగ్గర నీరు నిలిచే పల్లపు నేలను బీల అంటారు. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు కలిసి పోరాడారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ కేంద్రం రాలేదు, బీల మిగిలింది. తేలినీలాపురం పక్షులు మేతకు పోయే తంపర నేలల దగ్గర, కాకరాపల్లిలో, 2011 ఫిబ్రవరి 28న అలాంటి కాల్పులే జరిగాయి. మరోపక్క 2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో గూడబాతులు పెద్దసంఖ్యలో చనిపోయాయి. చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగులు కారణమన్నారు. చెరువు చెడితే చేప, చేప చెడితే పక్షి. రైతు బిడ్డగా నాకు ఇది కొత్త సంగతి కాదు. నీరు ఒకరి సొత్తుగా ఎప్పుడూ ఉండదు.

కాబట్టి మిత్రులారా, ఈ యాత్రకు వెళ్ళినవారు చూసి రావడంతో సరిపెట్టవద్దు. ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. మన ఉపఖండంలో 1987 నుండి సాగుతున్న పని. ఔత్సాహికులు ఎవరైనా చేరి తమకు దగ్గరి చెరువులో పక్షుల్ని లెక్కించి పంపవచ్చు. అదీ సంక్రాంతి రోజుల్లోనే! పదిమంది విద్యార్థులు, రెండు బైనాక్యులర్స్, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. ఏ చెరువులో ఏ ఏడు ఎన్ని పక్షులున్నాయో కాగితం మీద ఉంటే, రేపు ఎవరైనా వచ్చి "ఇది పనికిరాని పడావు నేల" అన్ననాడు చూపించడానికి మన దగ్గర ఒక లెక్క ఉంటుంది.